క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయాక ఎక్కడ చూపించుకోవాలి? కర్నూలులో ఒక శనివారం క్లినిక్ గురించి నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా: ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చివర్లో ఉంది. అంతా చదివే ఓపిక లేనివాళ్లు చెయ్యి వాపు గురించి, స్కాన్ల గురించి రాసిన పేరాలు మాత్రం వదలొద్దు. ఇంట్లో క్యాన్సర్ వచ్చి తగ్గిన మనిషి ఉంటే ఆ రెండూ కచ్చితంగా పనికొస్తాయి.

మన కర్నూలులో క్యాన్సర్‌కి ఏ డాక్టరు మంచివాడని అడిగేవాళ్లు బోలెడు మంది. ఆపరేషన్ ఇక్కడే చేయించాలా హైదరాబాదు పోవాలా, వేలూరు మంచిదా బెంగళూరు కిద్వాయ్ మంచిదా, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద అవుతుందా, కీమోకి ఎంతవుతుంది, ఇవే ప్రశ్నలు. అన్నీ అయిపోయి, జుట్టు మళ్లీ మొలిచి, చుట్టాలంతా "ఇంకేం భయం లేదులే, గండం గడిచింది" అనేసి ఎవరి ఊరు వాళ్లు వెళ్లిపోయాక, ఆ మనిషిని ఎవరికి చూపించాలి, ఏమేం చూపించాలి అని మాత్రం ఎవరూ అడగరు.

మా అక్కది రొమ్ము క్యాన్సర్, ఎడమ వైపు. నందికొట్కూరు దగ్గర పల్లెలో ఉంటుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ హైదరాబాదులో అయ్యాయి, బాగానే చేశారు, ఆ విషయంలో నాకు పేచీ లేదు. కానీ తర్వాత చెకప్‌కి పోయిన ప్రతిసారీ ఒకటే తంతు. తెల్లారకముందే బస్సెక్కి, మధ్యాహ్నం దాకా లైన్లో కూర్చుని లోపలికి పోతే డాక్టరు రిపోర్టు తిరగేసి "ఏం లేదమ్మా, బాగుంది, మూడు నెలల తర్వాత రండి" అంటాడు, అంతే. రెండు వందల కిలోమీటర్లు పోయి రెండు నిమిషాల దర్శనం. ఆయన్ని అనడానికి లేదు, బయట ఇంకా వంద మంది ఉంటారు, వాళ్లలో చాలామందికి జబ్బు ఇంకా ఒంట్లోనే ఉంది. కానీ అక్కకి రాత్రిళ్లు నిద్ర పట్టదు, అరికాళ్లు మొద్దుబారాయి, ఎడమ చెయ్యి బరువుగా ఉంటోంది. ఇవేవీ రిపోర్టులో రావు కదా. ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే "అంత పెద్ద డాక్టరుకి ఇట్లాంటి చిన్న చిన్నవి చెప్తే ఏమనుకుంటాడో" అంటుంది.

ఈ క్లినిక్ సంగతి మాకు చెప్పింది సి.క్యాంపులో ఉండే మా పక్కింటావిడ. ఎన్.ఆర్.పేట వైపు ఒక క్యాన్సర్ డాక్టరు గారి ఆసుపత్రి పైఅంతస్తులో ఉంటుంది, శనివారాలు మాత్రం ట్రీట్‌మెంట్ పూర్తయినవాళ్లనే చూస్తారు. పేరు రాయడం లేదు. రాస్తే ఇది ప్రకటన అంటారు, పైగా మీరంతా అక్కడికే పోవాలని నేను రాయడం లేదు. ఇప్పుడు మీరు చూపించుకుంటున్న చోట ఇలాంటివి అడుగుతున్నారా లేదా అని సరిచూసుకుంటే చాలు.

వెళ్లగానే, ఫీజు కట్టించుకోకముందే, ఒక కాగితం చేతికిస్తారు. తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉంటుంది. నొప్పి, నీరసం, నిద్ర, ఆకలి, విరేచనాలు, ఆయాసం, కాళ్లూ చేతుల తిమ్మిరి, వాపు, భయం, దిగులు, ఇలా వరసగా. ఒక్కోదానికి ఎదురుగా అస్సలు లేదు, కొంచెం, మధ్యరకం, చాలా, భరించలేనంత అని గడులు. టిక్ పెట్టాలి. చదువు రానివాళ్లకి నర్సమ్మ పక్కన కూర్చుని చదివి వినిపిస్తుంది, "ఏం పెద్దమ్మా, మెట్లెక్కితే దమ్మొస్తాందా?" అని మన యాసలోనే. "చాలా" అని పెట్టినవాటి కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, ఆ కాగితాన్ని డాక్టరు టేబుల్ మీద రిపోర్టులన్నిటికంటే పైన పెడతారు. అక్క ఆ కాగితం చూసి "ఇదేంది, మళ్లీ పరీక్షలు రాయిస్తాండారా" అని నవ్వింది.

నవ్వులాటగా ఉన్నా ఆ కాగితం వెనక పెద్ద పరిశోధనే ఉంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఇథన్ బాష్ అనే డాక్టరు, ఆయన బృందం, ముదిరిన క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వైద్యం. రెండో గుంపుకి అదే వైద్యం, దానికి తోడు ఒంట్లో ఎలా ఉందో పన్నెండు లక్షణాల గురించి వాళ్లంతట వాళ్లే కంప్యూటర్లో నింపే ఏర్పాటు. ఏదైనా ఎక్కువైతే వెంటనే నర్సుకి కబురు వెళ్తుంది, ఆమె ఫోన్ చేసి ఏం చేయాలో చూస్తుంది. ఇంతే తేడా. 2017లో ఫలితం బయటపెట్టారు: మామూలు గుంపులో సగం మంది 26 నెలలు దాటి బతికితే, లక్షణాలు నింపిన గుంపులో అది 31.2 నెలలు. ఏదైనా కొత్త మందు అయిదు నెలల ఆయుష్షు పెంచిందంటే దాని ధర లక్షల్లో చెబుతారు, పేపర్లో మొదటి పేజీలో వేస్తారు. ఇక్కడ ఖర్చల్లా అడిగే ఓపిక, విన్నాక ఫోన్ చేసే ఒక నర్సు. వాళ్లు జబ్బు ముదిరినవాళ్లు, మా అక్కలాంటివాళ్లు కారు, కాబట్టి ఆ నెలల లెక్క మనకి అలాగే అతుకుతుందని నేను అనను. కానీ అడగందే మనిషి నోరు విప్పడు, డాక్టరు రికార్డులో రాసుకునేది రోగి పడే బాధకంటే తక్కువే ఉంటుంది అన్నది మాత్రం న్యూయార్క్‌లో అయినా నందికొట్కూరులో అయినా ఒకటే.

ఇక చెయ్యి సంగతి. ఇది కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే మన వైపు ఆడవాళ్లని దీని విషయంలో అనవసరంగా భయపెట్టి మూల కూర్చోబెడుతున్నారు. రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేస్తే కొందరికి ఆ వైపు చేతికి నీరు చేరి వాపు వస్తుంది. గ్రంథులన్నీ తీసినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి. డిశ్చార్జ్ చేసేటప్పుడు ఎవరో "ఆ చేత్తో బరువులు ఎత్తొద్దు" అని ఒక్క ముక్క చెప్పి పంపారు. దాన్ని ఇంట్లోవాళ్లు ఎంత పట్టుకున్నారంటే, అక్క బిందె ముట్టుకోకూడదు, పిండి కలపకూడదు, మనవణ్ణి ఎత్తుకోకూడదు. రొట్టె కొట్టడం మానేసిందని బావకి కూడా లోపల బాధే అనుకోండి, ఆయనకి జొన్నరొట్టె లేకపోతే ముద్ద దిగదు. చెయ్యి వాడక వాడక భుజం బిగుసుకుపోయింది. వాపు తగ్గిందా అంటే, అదీ లేదు.

క్లినిక్‌లో ఫిజియోథెరపీ అమ్మాయి టేపు తీసుకుని రెండు చేతులూ నాలుగు చోట్ల కొలిచి రాసుకుని, సగం నింపిన నీళ్ల సీసా అక్క చేతికిచ్చి "ఎత్తు పెద్దమ్మా" అంది. అక్క నావైపు చూసింది. ఆ అమ్మాయి అప్పుడు చెప్పింది, 2009 దాకా ప్రపంచమంతా మీలాగే భయపడిందని. ఆ ఏడాది అమెరికాలో క్యాథ్రిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలు, అప్పటికే చెయ్యి వాచిన 141 మంది ఆడవాళ్లతో చేసిన పరిశోధన అచ్చయింది. కొందరి చేత వారానికి రెండుసార్లు, తక్కువ బరువుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతూ, బిగుతు తొడుగు వేసి బరువులు ఎత్తించారు. ఏడాది తర్వాత చూస్తే బరువులు ఎత్తినందుకు వాపు ఎక్కువ కాలేదు. ఉన్నట్టుండి వాపు ముదిరే బెడద ఎత్తనివాళ్లలో 29 శాతం మందికి వస్తే, ఎత్తినవాళ్లలో 14 శాతం మందికే వచ్చింది. అంటే మనం ఏ పని చేయొద్దని ఒట్టు వేయించుకున్నామో, పద్ధతిగా చేస్తే అదే మేలు చేస్తుందన్నమాట. పద్ధతిగా అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఇది చదివి రేపే పాతిక కేజీల బియ్యం మూట ఎత్తించకండి. అక్కకి సీసా నుంచి చెంబు, చెంబు నుంచి చిన్న బిందె, ఇలా నెలల మీద పెంచారు. ఇప్పుడు రొట్టెలు కొడుతోంది.

ఆ బిగుతు తొడుగు, దాన్నే స్లీవ్ అంటారు, మాకు రెండు వేలు దాటింది, జేబులోంచే పెట్టుకున్నాం. కొలత లేకుండా కొనొద్దు. రాజ్‌విహార్ దగ్గర ఒక మెడికల్ షాపులో "ఫ్రీ సైజ్ ఉందమ్మా, అందరికీ పడుతుంది" అని అంటగట్టబోయారు, అది మణికట్టు దగ్గర వదులుగా, పైన తాడు కట్టినట్టు బిగుతుగా ఉంది, అట్లాంటిది వేసుకుంటే చేతిలో ఇంకా నీరు చేరుతుంది. ఇంకొకటి, పత్తి తీసేటప్పుడు, మిరపకాయలు కోసేటప్పుడు ఆ చేతికి గ్లౌజు వేసుకోమన్నారు. చిన్న గీత పడినా అందులోంచి ఇన్ఫెక్షన్ వస్తే వాపు ఒక్కసారిగా పెరుగుతుందట. చెయ్యి ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే శనివారం దాకా ఆగకుండా వెంటనే రమ్మన్నారు.

స్కాన్ల దగ్గరికి వద్దాం. ఊళ్లో ఒక ల్యాబ్ వాళ్లు అక్క ఫోన్ నంబరు ఎక్కడ పట్టారో ఏమో, "ఆరు నెలలకోసారి ఫుల్ బాడీ చెకప్, క్యాన్సర్ పేషెంట్లకి స్పెషల్ ప్యాకేజీ" అని వదలకుండా ఫోన్లు. బావ కూడా మెత్తబడ్డాడు, "డబ్బుదేముంది, మనిషి ముఖ్యం" అంటాడు, ఒళ్లంతా ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో చూసే పెట్ స్కాన్ చేయిద్దామంటాడు. క్లినిక్ డాక్టరు గారు వద్దన్నారు. ఒక డాక్టరు టెస్టు వద్దనడం నేను చూడటం అరుదు, అందుకే ఎందుకని అడిగా. ఇటలీలో ఇదే ప్రశ్న మీద జరిగిన పెద్ద పరిశోధన 1994లో అచ్చయిందట. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిన 1,320 మందిలో కొందరికి క్రమం తప్పకుండా ఎముకల స్కాన్, కాలేయం స్కాన్, ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు చేశారు. మిగతావాళ్లకి డాక్టరు చేత్తో పరీక్ష చేయడం, ఏడాదికోసారి మామోగ్రాం అనే రొమ్ము ఎక్స్‌రే, ఏదైనా బాధ చెబితే దానికి తగ్గ టెస్టు, అంతే. బతికిన కాలంలో తేడా రాలేదు, జీవితం బాగుండటంలోనూ తేడా రాలేదు. అదే ఏడాది ఇటలీ నుంచే ఇంకో పరిశోధన కూడా దాదాపు ఇదే మాట చెప్పింది. "ఇవి పెట్ స్కాన్ రాకముందువి కదా సార్" అన్నాను. నిజమేనని ఒప్పుకున్నారు, అయినా లక్షణాలేమీ లేని రొమ్ము క్యాన్సర్ మనిషికి ఊరికే పెట్ స్కాన్ చేయొద్దనే ఇప్పటి మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయన్నారు. నాకు నచ్చింది ఏంటంటే, ఆయన అన్ని క్యాన్సర్లనీ ఒకే గాటన కట్టలేదు. పెద్దపేగు క్యాన్సర్ అయితే సీఈఏ అనే రక్త పరీక్ష, సీటీ స్కాన్ తప్పకుండా చేయించుకోవాల్సిందేనట. కాబట్టి దీన్ని చదివి మీ టెస్టులు మీరే మానుకోకండి, ఈ టెస్టు ఎందుకు రాశారని మాత్రం అడగండి. అడిగితే విసుక్కునే చోట నాకు నమ్మకం కుదరదు.

దీనికి తోకలాంటిదే ఇంకొకటి. ప్రతి చెకప్‌కి హైదరాబాదు పోవాలా? కెనడాలో 968 మంది ఆడవాళ్లతో చేసిన పరిశోధన 2006లో వచ్చింది, సగం మందిని క్యాన్సర్ సెంటర్లో, సగం మందిని వాళ్ల మామూలు ఫ్యామిలీ డాక్టరు దగ్గర చూశారు. ఏం గమనించాలో డాక్టరుకి ముందే ఒక పేజీలో రాసి ఇచ్చారు. జబ్బు తిరగబెట్టడం వల్ల వచ్చే పెద్ద ఇబ్బందులు రెండు వైపులా ఒకలాగే ఉన్నాయి, 3.7 శాతం, 3.5 శాతం. మనకి కెనడాలోలాగా ఫ్యామిలీ డాక్టర్లు లేరు, ఉన్నది ఆర్‌ఎంపీ, పీహెచ్‌సీ. అయినా ఈ క్లినిక్ వాళ్లు అక్క ఊరి పీహెచ్‌సీ డాక్టరుకి ఒక పేజీ ఉత్తరం రాసిచ్చారు: వారాల తరబడి తగ్గని ఎముకల నొప్పి, విడవని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, మచ్చ దగ్గర గానీ చంకలో గానీ కొత్త గడ్డ, ఇవి కనిపిస్తే వెంటనే పంపండి అని. మిగతా జలుబూ జ్వరమూ అన్నీ అక్కడే చూసుకోవచ్చు. హైదరాబాదు ఏడాదికోసారి పోతే చాలన్నారు.

ఒక ఫైలు కూడా ఇస్తారు. ఏ కీమో మందు ఎంత డోసు పడింది, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు, ఏ మాత్ర ఎన్నేళ్లు వాడాలి, ఏ నెలలో ఏ టెస్టు, అన్నీ ఒక చోట. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వాళ్లు 2005లో, ట్రీట్‌మెంట్ అయ్యాక రోగులు దారీతెన్నూ లేకుండా పోతున్నారని చెప్పి ప్రతి ఒక్కరికీ ఇలాంటిది ఇవ్వాలని సిఫారసు చేశారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ ఫైలు చేతిలో పెడితే ఏమైనా మారుతుందా అని కెనడాలో 408 మంది మీద చూస్తే, 2011లో వచ్చిన ఫలితం, వాళ్ల ఆందోళనలో ఏమీ తేడా లేదని. నాకు ఇది ఆశ్చర్యం కాదు. అక్క ఆ ఫైలుని కవరులో పెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచింది. పని చేసింది ఏదంటే, నర్సమ్మ ఫోన్ చేసి "ఈ నెల ఎముకల బలం చూసే స్కాన్ ఉంది కదక్కా, ఎప్పుడొస్తారు" అని గుర్తు చేయడం. ఫైలు ఇచ్చి మీ పని అయిపోయిందని పంపించే చోటుకీ దీనికీ తేడా అక్కడే ఉంది.

వెయిటింగ్ హాల్లో కూర్చుంటే ఇంకో లోకం. ఆదోని నుంచి డిగ్రీ చదివే అబ్బాయి వస్తాడు, చిన్నప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గింది, చూస్తే గుర్రంలా ఉన్నాడు, వీడికేం పనిరా ఇక్కడ అనిపిస్తుంది. వాడికి గుండె ఎకో రాశారు. చిన్నపిల్లల క్యాన్సర్లలో వాడే కొన్ని కీమో మందులు ఏళ్ల తర్వాత గుండె మీద ప్రభావం చూపిస్తాయట. ఇది తెలిసింది కూడా పిల్లల్ని పెద్దయ్యేదాకా వదలకుండా వెంటపడి చూసినందుకే. అమెరికా, కెనడాల్లో 1994 నుంచి అలాంటి పరిశోధన ఒకటి నడుస్తోంది, 1970 తర్వాత చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి ఐదేళ్లు దాటి బతికినవాళ్లని వేల మందిని ఏళ్ల తరబడి అడుగుతూ ఉన్నారు. జబ్బు కనుక్కున్న 30 ఏళ్లకి వాళ్లలో 73 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలపు ఆరోగ్య సమస్య ఉందని 2006లో తేలింది. ఇలాంటి సంగతులు తెలిశాక డాక్టర్లు పిల్లలకి రేడియేషన్ తగ్గించారు, మందుల డోసులు సరిచేశారు. దాని ఫలితం కూడా లెక్కల్లో కనిపిస్తుంది: 1970ల మొదట్లో జబ్బు పడినవాళ్లలో, ఐదేళ్లు గట్టెక్కాక కూడా, పదిహేనేళ్ల నాటికి 12.4 శాతం మంది చనిపోతే, 1990లలో జబ్బు పడినవాళ్లలో అది 6 శాతమే. మన దేశంలో ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఇలా తగ్గిన పిల్లల కోసమే 1991లో ప్రత్యేక క్లినిక్ మొదలుపెట్టారు. కర్నూలుకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది, వచ్చింది కదా, సంతోషం.

ఎమ్మిగనూరు నుంచి ఒకాయన వస్తాడు, గుట్కా వల్ల దవడ క్యాన్సర్, ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయ్యాయి. నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా మూసుకుపోతుంటే ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని నోరు తెరిచే కసరత్తు నేర్పించారు. మెడకి రేడియేషన్ పడింది కాబట్టి థైరాయిడ్ టెస్టు, పన్ను పీకించుకునే ముందు పళ్ల డాక్టరుకి రేడియేషన్ సంగతి కచ్చితంగా చెప్పాలి, లేకపోతే దవడ ఎముక మానకుండా పోవచ్చు అని చెప్పారు. ఆయనకి ఇదంతా అంతకుముందు ఎవరూ చెప్పలేదట.

అరికాళ్ల తిమ్మిరి గురించి మాత్రం మాయ మందేమీ లేదని డాక్టరు గారు ముఖం మీదే చెప్పారు. కొన్ని కీమో మందులకి నరాలు దెబ్బతింటాయి, నొప్పిగా ఉంటే డులోక్సిటిన్ అనే మాత్ర కొంత పనిచేస్తుంది, 2013లో పరిశోధనలో తేలింది కూడా, మొద్దుబారడానికి మాత్రం ఓపికే. మా మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన "నరాల బలం" గొట్టాల డబ్బా చూపిస్తే, వెనక అట్ట చదివి పక్కన పెట్టేశారు. అందులో ఉన్న అసిటైల్ ఎల్ కార్నిటిన్ తిమ్మిరి రాకుండా ఆపుతుందేమోనని కీమో తీసుకునే ఆడవాళ్లకి ఇచ్చి చూస్తే 24 వారాలకి తిమ్మిరి ఇంకా ఎక్కువైందట. బలానికని మింగేదే బలహీనం చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఇంకోటి, మన ఎండలు. ఏప్రిల్‌లో వడియాలు పెట్టడానికి మిద్దె మీదికి చెప్పుల్లేకుండా పోతే అక్కకి కాళ్లు కాలుతున్నట్టే తెలియలేదు, సాయంత్రానికి బొబ్బలు. వెనక పట్టీ ఉన్న చెప్పులు, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవడం, ఇవి రాసిచ్చారు, షుగర్ ఉన్నవాళ్లకి చెప్పినట్టే.

నడక గురించి అందరు డాక్టర్లూ చెబుతారు, ఈయన అంకెతో చెబుతారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిలో కొందరికి మూడేళ్లపాటు కోచ్‌ని పెట్టి వ్యాయామం చేయించారు, మిగతావాళ్లకి పుస్తకాలిచ్చి ఊరుకున్నారు. 2025లో ఫలితాలొచ్చాయి: ఐదేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 80.3 శాతం, చేయనివాళ్లలో 73.9 శాతం. ఎనిమిదేళ్లకి బతికున్నవాళ్లు 90.3, 83.2. పల్లెలో ఆడమనిషి పొద్దున్నే బూట్లేసుకుని వాకింగ్ పోతే చూసేవాళ్లు నవ్వుతారని అక్క అంటే, "చేని దాకా పోయి రా తల్లీ, ఎండ ఎక్కకముందే, గబగబా నడువు, ఎవరడిగినా చేను చూడ్డానికని చెప్పు" అన్నారు. అది మాత్రం బాగా కుదిరింది.

ఆడవాళ్ల విషయాలు అడిగేటప్పుడు మగవాళ్లని బయటికి పంపేస్తారు. వేడి ఆవిర్లు, మూత్రం మంట, భార్యాభర్తల సంగతులు, అన్నీ నర్సమ్మ మామూలుగా, సిగ్గు పడనివ్వకుండా అడుగుతుంది. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడేవాళ్లకి ముట్లు ఆగిపోయాక రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. అక్కది అలాంటిదే లెట్రోజోల్ అనే ఇంకో మాత్ర, దానికి కీళ్ల నొప్పులు, ఎముకలు పలచబడటం.

ఇక కోత పెట్టిన మార్కు. లిఫ్ట్ చాలా శనివారాలు పనిచేయదు. ఆయాసం ఉందా అని కాగితంలో అడిగేవాళ్లు ఆయాసం ఉన్నవాళ్లని రెండంతస్తులు ఎక్కించడం ఏం న్యాయం? అపాయింట్‌మెంట్ పదింటికి ఇచ్చి పన్నెండుకి పిలుస్తారు. భయం, దిగులు అని గడులు పెట్టారు సరే, అక్కడ "చాలా" అని టిక్ పెడితే పంపడానికి కౌన్సెలర్ ఎవరూ లేరు. డాక్టరు గారే ఐదు నిమిషాలు మాట్లాడతారు, మంచి మాటే, కానీ చెకప్ దగ్గర పడేకొద్దీ వారం ముందునుంచే నిద్రపోని మనిషికి అది సరిపోదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది, ఆ కాగితంలో డబ్బు గురించి ఒక్క గడీ లేదు. దీని మీద పరిశోధన లేదా అంటే ఉంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు దివాలా తీయడం మిగతావాళ్లకంటే 2.65 రెట్లు ఎక్కువని 2013లో తేల్చారు, అలా దివాలా తీసినవాళ్లలో చావులు కూడా ఎక్కువని 2016లో చూపించారు. అక్కడే అట్లుంటే ఇక్కడ బంగారం కుదువ పెట్టి, ఎకరం అమ్మి వైద్యం చేయించుకున్నవాళ్ల సంగతి ఏం చెప్పాలి. మా అక్క లెట్రోజోల్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోందని, డబ్బు మిగల్చడానికి, మాకెవరికీ తెలియదు. నర్సమ్మ ఖాళీ అట్టలు లెక్కపెట్టినప్పుడు బయటపడింది, అది ఆమె తెలివి, కాగితం గొప్పతనం కాదు. అక్కడే జన్ ఔషధి షాపులో తక్కువకి దొరుకుతుందని చెప్పి పంపారు, ఇప్పుడు రోజూ వేసుకుంటోంది. డాక్టరు గారితో ఈ గడి సంగతి అన్నాను, చేరుస్తామన్నారు, తర్వాత వెళ్లినప్పుడు కూడా పాత కాగితమే ఇచ్చారు.

ఫీజు మామూలు స్పెషలిస్టు ఫీజే, ఫిజియోథెరపీకి వేరే. మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కట్టారు కాబట్టి ఇలాంటి శనివారం క్లినిక్ అక్కడ ఉచితంగా పెడితే జిల్లా మొత్తానికి ఉపయోగం, అడిగేవాళ్లుంటే వస్తుందేమో. పోయేవాళ్లు బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, కీమో చార్టు, రేడియేషన్ కాగితం, వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ జిరాక్స్ తీసి పట్టుకుపోండి. ఒరిజినల్స్ వాళ్లు ఉంచుకోరు, పైన జిరాక్స్ మెషిన్ లేదు, కింద షాపతను ఒంటిగంటకి షట్టర్ దించేసి భోజనానికి పోతాడు. ఫిజియోథెరపీ అమ్మాయి కూడా ఒంటిగంట దాకే ఉంటుంది కాబట్టి చెయ్యి వాపు ఉన్నవాళ్లు ముందు ఆమె దగ్గర కొలతలు ఇచ్చేసి తర్వాత డాక్టరు లైన్లో కూర్చోండి.